ఆ కాళ్ళెవరివంటే

ఏవిటీ, ఈ కాళ్ళెవరివనా? ఇదడగడానికా అమ్మాయిగారూ, ఇంత ఎండలో పడి వచ్చేరు! కబురెడితే నేనే వద్దును కదండీ. రండి రండి, ఆ కుట్టుమిషను పక్కన స్టూలుంది, లాక్కోండి. జాగర్తండోయ్, దానికో కాలు పొట్టి, గోడకి ఆనించి కూర్చోవాలి. కరెంటు పోయింది, ఫ్యాను లేదు, మరేం అనుకోకండి. ఏదీ, ఇలా ఇవ్వండి... నా కళ్ళజోడేదీ... ఆఁ, ఇప్పుడు కనబడుతోంది. ఇది మీ హాల్లో పటం కట్టించి పెట్టినదే కదండీ? ఆయ్. ఇదిగో ఇత్తడి తాంబాళం. ఈ చెంబుతో నీళ్ళు పోస్తున్న చెయ్యి మీ మామ్మగారు సూర్యావతమ్మగారిది, ఆ గాజులు నాకు తెలుసు. వొంగుని కాళ్ళు కడుగుతున్నది మీ తాతగారు మాణిక్యాలరావుగారు. ఎలా వెలిగిపోతోందో చూడండి ఆ మొహం! ఇహ మిగిలినవి ఈ కాళ్ళు. మోకాళ్ళ దగ్గర్నించి పైనేవీ లేదు, కోసేసేరు. మీ నాన్నగారు దొరబాబుగారిని అడిగితే ఏవన్నారు? "ఎవరో స్వామి" అన్నారా? మరే. ఆయనా అప్పుడు ఊళ్ళోనే ఉన్నారు లెండి. వచ్చే ఆదివారం తాతగారి విగ్రహం, దానికో పుస్తకం, పుస్తకంలో ఈ ఫోటో, కింద పేరుండాలి కదాని మీరొచ్చేరు. పోన్లెండి, పదిహేనేళ్ళలో ఆ కాళ్ళకో పేరుంటుందని ఆ ఇంట్లో మొదట తోచింది మీకే. ఈ పాదం మీద అడ్డంగా నల్లటి గీతలున్నాయి చూసేరా? అవి తాడు కోసిన గీతలండీ. కొబ్బరిచెట్టెక్కేవాళ్ళు రెండు కాళ్ళకీ కలిపి తాడు బంధం వేసుకుంటారు కదా, ఏళ్ళతరబడి ఎక్కితే అలా పడతాయి. ఆ కాళ్ళు ముత్యాలువి. ఊరవతల పేటలో ఉండేవాడు. మీ తోటలో కొబ్బరికాయ దింపులన్నీ అతనివే.

రాసుకున్నారా? ఆగండాగండి, పేరు రాసుకుని వెళిపోతారేవిటి? ముత్యాలు అని రాస్తే అయిపోయేదైతే మీ నాన్నగారే చెప్పుదురు. కూర్చోండి, మజ్జిగ ఇప్పిస్తాను. బుజ్జమ్మా! ఇదిగో, పెద్దింటి అమ్మాయిగారొచ్చేరు, చిక్కటి మజ్జిగ పట్రా, ఉప్పు తక్కువెయ్యి! మా కోడలండీ, ఉప్పు చెయ్యి జారుద్ది. ఎక్కడున్నాం? ఆఁ, ముత్యాలు. ముత్యాలు గురించి చెప్పాలంటే ముందు అతని నోరు గురించి చెప్పాలి. తాగి తిట్టే నోరు కాదండీ, అడిగే నోరు. చెట్టు మీద నుంచి కూడా అడిగేవాడు. కింద నేను నడిచెళుతుంటే పైనించి "టైలరుగారండీ, ఒక సందేహవండీ" అని కేక. తలెత్తితే మట్టలు తప్ప మనిషి కనపడడు. "ఆదివారం చర్చిలో పాస్టరుగారు దేవుడు ఒక్కడే అన్నాడండి. శనివారం మీ భజనలో పూజారిగారు కూడా దేవుడు ఒక్కడే అన్నాడండి. ఇద్దరూ ఒప్పేసుకున్నాక ఇంక తగువెందుకండీ?" అనేవాడు. వాళ్ళావిడ మేరీ చర్చికెళ్ళేది. వాళ్ళమ్మ పైడమ్మ అమ్మవారికి దణ్ణం పెట్టుకునేది. ఇతను ఇద్దరికీ అడ్డు చెప్పేవాడు కాదు, ఇద్దరితోనూ వెళ్ళేవాడు కాదు. "నమ్మనని అనటంలేదండి, తెలీదంటన్నాను. తెలీనప్పుడు అడగాలి కదండి" అనేవాడు. ఊళ్ళో కొందరు నాస్తికుడనేవారు, కొందరు తిక్కలోడనేవారు. నాకు మాత్రం సరదాగా ఉండేది. రోజంతా ఈ మిషను తొక్కుకునేవాడికి అలాంటివాడు ఒకడుండాలండీ.

నేనప్పట్లో గురుస్వామిని. ఏవిటలా చూస్తారు? నిజవే! పద్దెనిమిది సార్లు శబరిమల వెళ్ళొచ్చినవాణ్ణి. కార్తీకం వచ్చిందంటే ఈ అరుగు మీద ఇరవైమంది క్యూ కట్టేవారు మాల వేయించుకోడానికి. నల్లబట్టలు కుట్టేదీ నేనే, మెళ్ళో మాల వేసేదీ నేనే, నవ్వకండి, అందరూ అదే అనేవారు. మీ తాతగారు నా దగ్గరే వేయించుకునేవారు. ఆయనకి భక్తి లేదని నేననను తల్లీ. ఉండేది. కార్తీకంలో ఉండేది, ఎన్నికలప్పుడు ఉండేది, మైకు పట్టుకుంటే మరీ ఉండేది. ధర్మరక్షణ సంఘం అని పెట్టేరు కదా, దానికి ఆయనే అధ్యక్షుడు. ఏం మాట్లాడేవారనుకున్నారు! "ధర్మం ముందు పెద్దింటోడు లేడు, పేటోడు లేడు! మాల వేసుకున్నవాడు ఎవడైనా నాకు దేవుడే!" అంటుంటే నాకే వొళ్ళు పులకరించేది. తీర్థంలో రికార్డింగ్ డాన్సులు మాన్పించేరు, సంస్కృతి పాడైపోతోందని. మంచి పనే. అంతకు ముందేడు అదే డాన్సుకి ముందు వరసలో కుర్చీ వేయించుకున్నది కూడా ఆయనే, అదీ మంచి పనేననుకోండి. మందు మానండని ఊరూరా చెప్పేవారు. మాల తీసిన మర్నాడు మాత్రం కారు యానాం వైపు వెళ్ళేది. అక్కడ నిషేధం లేదు కదా. ఇవన్నీ పుస్తకంలో వెయ్యక్కర్లేదు లెండి, ఆయనొక్కడే అలా ఉన్నాడా ఏవిటి?

అది తొంభైనాలుగు కార్తీకం. మాల వేసుకున్నవాడు ఎవడైనా దేవుడేనన్న ఆ మాట మైకులో విన్నాడు ముత్యాలు. మర్నాడు పొద్దున్నే వచ్చి, అదిగో ఆ మెట్టు కింద నిలబడ్డాడు. "ఒక సందేహవండీ" అన్నాడు. అడగరా అన్నాను. "మాల ఎవరికైనా వేస్తారాండీ?" ఎవరికైనా వేస్తానన్నాను. "వేసుకుంటే ఏవవుద్దండీ?" ఏవవడవేవిట్రా, స్వామివవుతావు, అందరూ నిన్ను స్వామీ అనే పిలవాలి, నీ కాళ్ళకి దణ్ణం పెట్టాలి, నీ నోట్లోంచి అబద్ధం రాకూడదు, నీకిచ్చిన మాట ఎవరూ తప్పకూడదు అన్నాను. "ఎన్నాళ్ళండీ?" తీసేదాకా. "ఎవరు తియ్యాలండీ?" నేనే తియ్యాలి. అంతే, బుర్ర గోక్కుంటూ వెళిపోయేడు. రెండ్రోజులకి తలంటుకుని నల్లపంచె తెచ్చుకుని వచ్చేసేడు. నేను వెనకాడేనండీ, దాచడం ఎందుకు? పేటనించి అంతకు ముందు ఒక్కరూ రాలేదు. కానీ ఎవరికైనా వేస్తానని నోటితో అనేసేను కదా. పైగా ఈ అరుగు మీద పదిమంది చూస్తున్నారు. వేసేను. ఏం కోరుకుని వేసుకుంటున్నావురా అనడిగితే ఏం చెప్పలేదు. నాకు తరవాత తెలిసింది. పేటవాళ్ళ శ్మశానం ఏటిగట్టు దగ్గర. పేటకీ దానికీ మధ్యన మీ కొబ్బరితోట. తోటకి ముళ్ళకంచె, ఇనపగేటు, గేటుకి గొలుసు. శవాలు తోటలోంచి వెళితే కాయ కొనేవాడు రాడని మీ తాతగారి తండ్రిగారి కాలంనుంచీ మూసేసేరు. అందుకని పేటలో ఎవరు పోయినా మురుగుకాలవలో దిగి దాటాలి. ఎండాకాలం మోకాలిలోతు. శ్రావణంలో పీకలదాకా. ముత్యాలు తండ్రి వానాకాలంలో పోయేడు. కాలవ మధ్యలో ఒకడి కాలు జారి పాడె వొరిగిపోయింది. గట్టున నిలబడి పైడమ్మ చూసింది. ఆ రోజునించీ ఆవిడది ఒకటే మాట, "నన్ను మాత్రం తడపకురా అబ్బాయ్" అని. మంచం పట్టేక అయితే రోజూ అదే మాట. అదండీ అతనికి కావలసింది. మోక్షవూ కాదు, పుణ్యవూ కాదు, తల్లి పొడిబట్టలతో మట్టిలోకి వెళ్ళడం.

ఇప్పుడు చూడండి తమాషా. స్వాములకి ఎవరింట్లోనైనా అన్నం పెడితే దాన్ని భిక్ష అంటారు, మీకు తెలుసుగా. భిక్ష పెట్టేముందు స్వాముల కాళ్ళు కడిగి, ఆ నీళ్ళు నెత్తిన జల్లుకుంటారు. అందులోనూ మొదటిసారి మాల వేసుకున్నవాణ్ణి కన్నెస్వామి అంటారు, వాడి కాళ్ళు కడిగితే రెట్టింపు ఫలం. జిల్లా పరిషత్ ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి, మీ తాతగారు నిలబడుతున్నారు. భారీ ఎత్తున భిక్ష పెట్టదలిచేరు. నాలుగురోజుల ముందే రిక్షాకి మైకు కట్టించి ఊరంతా చెప్పించేసేరు, మాణిక్యాలరావుగారు స్వహస్తాలతో కన్నెస్వామి పాదాలు కడుగుతారహో అని. ఎవరా కన్నెస్వామి అని ఆయన నన్ను అడగలేదు, నేను చెప్పలేదు. ఏటా ఐదారుగురుంటారు కదా, ఎవరో మనవాళ్ళ కుర్రాడి కాళ్ళు కడిగేద్దాం అనుకుని ఉంటారు. ఆ ఏడు మా గుంపు మొత్తంలో కన్నెస్వామి ఒక్కడే. ఆయ్, ముత్యాలే! వీధరుగు మీద పీట వేసి, జనం పోగయి, ఫోటోలు తీసే జ్ఞానప్రకాశం లైటు పట్టుకుని నిలబడ్డాక, "కన్నెస్వామిని తీసుకురా గురుస్వామీ" అన్నారు. నేను ముత్యాలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేను. అప్పటిదాకా మీ ఇంటికి వెనకదారినించి తప్ప రాని మనిషండీ. మీ తాతగారి మొహం ఒక్క క్షణం... ఏం చెప్పను, గారె అనుకుని మిరపకాయ కొరికినవాడి మొహంలా అయిపోయింది. ఒక్క క్షణవే సుమండీ! వెంటనే నవ్వేసేరు. ఆ గొప్పతనం ఆయనదే. "రండి స్వామీ" అని వొంగేరు. మీ మామ్మగారు నీళ్ళు పోస్తున్నారు. అప్పుడు ముత్యాలు, కాళ్ళు తాంబాళంలో ఉండగానే, "స్వామీ, ఒక సందేహవండీ. కడుపుకి పెట్టే భిక్ష సరేనండీ, ఇంకో భిక్ష అడగొచ్చాండీ?" అన్నాడు. మీ తాతగారు జనాన్ని చూసేరు, జ్ఞానప్రకాశాన్ని చూసేరు. "అడగండి స్వామీ" అన్నారు. "తోటలోంచి శ్మశానానికి దారండీ" అన్నాడు. "ఇచ్చేను స్వామీ" అన్నారు మీ తాతగారు. జనం శరణుఘోష. టప్పున లైటు వెలిగింది. ఇదిగో, ఈ ఫోటో అప్పటిదే. మర్నాడే గేటు గొలుసు తీసేసేరు. వారం తిరక్కుండా ఈ ఫోటో ఎన్నికల కాయితాల మీదకెక్కింది. అప్పుడే కోసేసేరు మోకాళ్ళదాకా. జ్ఞానప్రకాశం ఎందుకండీ అంటే, "మనిషెవడైతేనేం, స్వామి పాదాలు ముఖ్యం" అన్నార్ట.

ఇంకొకటి జరిగింది, అది కూడా చెప్పాలి, చెప్పకపోతే తరవాతది అర్థం కాదు. చెప్పాలని లేదు కానీ చెప్పాలి. శబరిమల బయల్దేరే రోజు పొద్దున్న మీ ఇంట్లోనే అందరం పోగయ్యేం. రెండు బస్సులు, బస్సులకి ఆయన ఫోటోలు, మేళాలు. లోపల ఫోను మోగింది. మీ మామ్మగారు ఎత్తేరు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ గుమ్మంలోకొచ్చి, "మండపేట నించండీ, చిన్నమావయ్యగారు..." అన్నారు. మీ తాతగారి సొంత బాబాయిగారు, అక్కడ రైసుమిల్లుండేది, వారంరోజులుగా ఆస్పత్రిలో ఉన్నారు. పోయేరన్నమాట. రక్తసంబంధీకులు పోతే మైల. మైలొస్తే మాల తీసెయ్యాలి, ప్రయాణం లేదు. తిరుగులేని నియమం. మీ తాతగారు నావైపు చూసేరు. రెండు బస్సులు నావైపు చూసినట్టే అయింది. నేనేం చేసేనో తెలుసా? చెయ్యి అడ్డం పెట్టి, "అమ్మా, మాట పూర్తి చెయ్యకండి" అన్నాను. "వింటేనే మైల. వినకపోతే మైల లేదు. తిరిగొచ్చేక విందురుగాని" అన్నాను. పెద్దలు అలా అంటారు, నేను కల్పించలేదు. పరదేశంలో ఉన్నవాడికి కబురు ఆలస్యంగా అందితే, అందినప్పటినించే లెక్క, అందుకోసం పుట్టిన మాట. గుమ్మంలో నిలబడ్డ మనిషికి కాదు. మళ్ళీ ఫోను మోగింది. మోగి మోగి ఆగిపోయింది. ఎవరూ ఎత్తలేదు. మీ మామ్మగారు కొంగు నోట్లో కుక్కుని లోపలికి వెళిపోయేరు. మేం శరణుఘోష పెట్టి బస్సెక్కేం. ముత్యాలు నా పక్క సీటు. కేరళలో ఎరుమేలి దాకా ఏమీ అడగలేదు. ముత్యాలు అడగకపోవడం అంటే ఏవిటో మీకు తెలీదు తల్లీ! అప్పుడడిగేడు. "గురుస్వామీ, వినకపోతే చావు జరగనట్టేనాండీ?" నిద్రొస్తోందన్నాను.

తిరుగుప్రయాణంలో మీ తాతగారు మంచి హుషారుగా ఉన్నారు. వెనక సీట్లో వాళ్ళతో నవ్వుతూ అంటున్నారు, "దారి స్వామికిచ్చేన్రా, ముత్యాలుకివ్వలేదు. రేపు మాల తీసేసేక ముత్యాలు ముత్యాలే, గేటు గేటే" అని. ముత్యాలు విన్నాడు, ఈసారి వినవద్దని ఎవరూ అనలేదు కదా. ఊరొచ్చేం. అందరూ వరసగా వొచ్చి మాలలు తీయించుకుంటున్నారు. ముత్యాలు రాలేదు. చేతులు కట్టుకుని, అందరి ముందూ మీ తాతగారినే అడిగేడు, "మాల ఉన్నన్నాళ్ళూ మాట ఉన్నట్టేనాండీ?" ఎన్నికలింకా అవలేదాయె. ఆయన పకపకా నవ్వేసి, "ఉన్నట్టే స్వామీ, నీ ఓపిక" అన్నారు. వారంలో తీసేస్తాడనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. వారం పోయింది. మాఘం పోయింది. ఎన్నికలైపోయేయి, మీ తాతగారు గెలిచేరు. ముత్యాలు తియ్యలేదు. తెల్లారకుండా చన్నీళ్ళు, రెండుపూటలా పూజ, ఒంటిపూట భోజనం, కటికనేల మీద పడక. ఎండాకాలం తారురోడ్డు మీద చెప్పుల్లేకుండా నడిచేడు. కల్లు లేదు, నీచు లేదు. గోదారికి ఎర్రనీళ్ళొచ్చి పులస పడితే, మేరీ కూర వండుకోలేక పక్కింట్లో తినొచ్చేది పాపం. మేరీయే నాతో అంది, "ఎవరూ చూడనప్పుడైనా చాప మీద పడుకోవయ్యా అంటే పడుకోడండీ, అది అబద్ధం అవుద్దంటాడు. నా ప్రభువుకి నేనింత గట్టిగా లేనండీ" అని. ఆ తోటదారి మీంచి రెండు పాడెలు వెళ్ళేయి ఆ నెలల్లో. పొడిగా వెళ్ళేయి. ఒకరోజు ఇక్కడే, ఈ మెట్టు మీద కూర్చున్నప్పుడు అడిగేను, ఏరా ముత్యాలు స్వామీ, నిజంగా నమ్ముతున్నావా అని. "ఇప్పటికీ తెలీదండీ. కానీ ఇన్నాళ్ళూ ఆయన కోసం చేసినవన్నీ ఒట్టినే చేసేనంటే కూడా మనసొప్పటంలేదండీ" అన్నాడు. పదిహేనేళ్ళుగా ఆ మాట నా బుర్రలో తిరుగుతోంది. నమ్మనివాడు అంత నిష్ఠగా ఎలా చేసేడు? నమ్మినవాళ్ళం మేం ఎందుకు చెయ్యలేకపోయేం? మీరు కాలేజీ చదువు చదివేరు కదా, మీకేవైనా తెలుస్తోందా? పోన్లెండి.

మజ్జిగ తాగండి, వేడెక్కిపోతుంది. ముత్యాలు ఏవయ్యాడంటారా? తొంభైఆరులో తుపానొచ్చింది చూడండి, మీ తోటలో చెట్టన్నది మిగల్లేదు. కంచె ఎగిరిపోయింది, గేటు ఏ పొలంలోనో తేలింది. పేటవాళ్ళు మర్నాటినించీ అటే నడిచేరు, ఆపేవాడు లేడు, ఇప్పుడక్కడ సిమెంటు రోడ్డే పడింది. మనుషులివ్వని దారి గాలిచ్చింది. చెట్లు లేకపోతే దింపులెక్కడివి? మేరీ కువైట్ వెళ్ళింది, ఇతను మట్టిపనికెళ్ళేవాడు. తొంభైతొమ్మిదిలో పోయేడు, కామెర్లు. ఆ సిమెంటు రోడ్డు ఇంకా పడలేదు కానీ, ఆ దారినే తీసుకెళ్ళేరు. నేను వెనకాల వెళ్ళేను. దూరంగా వెళ్ళేను లెండి. అప్పటికే మాలలు వెయ్యడం మానేసి నాలుగేళ్ళు. ఎవరడిగినా చెయ్యి వణుకుతోందని చెప్పేవాణ్ణి. మిషను తొక్కేటప్పుడు వణకదేం అని ఎవరూ అడగలేదు. ముత్యాలైతే అడిగేవాడు.

పైడమ్మా? ఆఁ. పైడమ్మ సంగతి దాటేసేననుకున్నాను. మీరూ అడిగేవాళ్ళేనన్నమాట. తొంభైఐదు శ్రావణం. మూడ్రోజులుగా ఒకటే వాన. పొద్దున్న పదయ్యుంటుంది, మీ తాతగారి జీపొచ్చి ఇంటిముందాగింది. ఆయనే వచ్చేరు. "పైడమ్మ పోయింది. పద గురుస్వామీ, మాల తియ్యాలి" అన్నారు. జీపులో నేను, కొంచెంసేపు ఆగుదామండీ అన్నాను. ఆ మాటైతే అన్నాను. ఆయన నావైపు తిరిగి, ఎంతో నెమ్మదిగా, "నియమం నియమవే కదయ్యా. మనమే తప్పితే ఇంక లోకానికి ధర్మం చెప్పేవాళ్ళెవరు?" అన్నారు. ఆయన దొంగమాట చెబుతున్నట్టు నాకనిపించలేదు తల్లీ, ఆ మాట ఆయన నమ్మే చెబుతున్నారు. అదే నాకిప్పటికీ వింత. పేటలోకి వెళ్ళేం. చిన్న ఇల్లు, చూరుకింద జనం. ముత్యాలు నల్లబట్టల్లో, వాళ్ళమ్మ తల వొళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ రాత్రి కొడుకుతో అందిట, "నేను నిన్ను మోసినన్ని నెలలు మోసేవురా ఆ మాల, ఇంక నాకు బెంగలేదు" అని. లెక్క చూస్తే నిజవే, కార్తీకం నించి శ్రావణం, తొమ్మిది నెలలు. నన్ను చూడగానే అర్థవైపోయింది అతనికి. ఏడవలేదు. "గురుస్వామీ, ఒక్క గంట ఆగి తియ్యండి. అమ్మ గేటు దాటేస్తుంది" అన్నాడు. నేను గుమ్మం బయటికి చూసేను. "ఆరోజు బాబుగారికి చెప్పేరు కదండీ, వినకపోతే మైల లేదని. నేనూ వినలేదనుకోండి. ఇక్కడెవరూ నాకు చెప్పలేదండీ అమ్మ పోయిందని. అడగండి, మేరీని అడగండి. ఎవరూ నోటితో అనలేదు" అన్నాడు. నిజవేనండీ. ఒక్కరూ ఆ మాట అనలేదు. అంతమంది నోరు కట్టుకుని కూర్చున్నారు, మేరీతో సహా, ఏడుపు కూడా ఆపుకుని. గుమ్మం బయట మీ తాతగారు గొడుగు కింద నిలబడి చూస్తున్నారు. నేను... నేనే అన్నానండీ. "అదేవిట్రా, నీ వొళ్ళోనే పోయింది కదరా మీ అమ్మ" అన్నాను. ఆ మాట అన్నది నేనే. అతను నావైపు అలా చూసేడు. తరవాత తల వొంచేడు. "మీరు వేసేరు, మీరే తియ్యండి" అన్నాడు. తీసేను.

తోట గేటుకి మళ్ళీ గొలుసు వేస్తున్న చప్పుడు నాకు వినిపించింది, మేం పేట దాటకుండానే. నేను జీపెక్కలేదు. నడిచొస్తానన్నాను. కాలవగట్టు మీద చింపిరి గొడుగుతో నిలబడ్డాను, జేబులో ఆ మాల. నలుగురు దిగేరు పాడెతో. ముందు కుడిభుజం ముత్యాలుది. చేతులు పైకెత్తి పట్టుకున్నారు, తడవకుండా. ఎంత ఎత్తుతారు? నీళ్ళు గడ్డాలదాకా వొచ్చేయి, పైనించి వాన. మధ్యలోకి వెళ్ళేసరికి దుప్పటి తడిసి ఆవిడ మొహానికి అంటుకుపోయింది. అక్కడ ఆగేడు ముత్యాలు. మిగతావాళ్ళు నడువు నడువంటున్నారు. ఆ నీళ్ళలోంచి మెడ తిప్పి, గట్టు మీద నన్ను చూసి, కోపంగా కాదు తల్లీ, కోపంగా అడిగితే బావుణ్ణు, ఎప్పుడూ చెట్టు మీద నించి అడిగేవాడు చూడండి, అచ్చం అలాగే అడిగేడు. "గురుస్వామీ, ఒక సందేహవండీ. ఇది కూడా మీరు చూళ్ళేదనుకుంటే, అమ్మ తడవనట్టేనాండీ?"

ఏవన్నాననా?

...కరెంటొచ్చినట్టుంది. ఆ ఫ్యాను స్విచ్చి వెయ్యండి తల్లీ, ఉక్కపోతగా ఉంది.